గోడకు కాగితం అంటించడం: మా ఇల్లందు ఇంట్లో నేర్చుకున్న పాఠం

మన క్లబ్ పత్రికకి ఏదైనా రాయమంటే అందరూ కవితలే పంపుతారు. నాకు కవిత రాదు. నాకొచ్చింది ఈ ఎండాకాలం సెలవుల్లో మా ముందుగదిలో ఒక్క గోడకి వాల్‌పేపర్ అంటించడం. అది కూడా రెండోసారికి వచ్చింది. మొదటిసారి ఎలా పాడుచేశానో కూడా చెప్తాను, ఎందుకంటే పాఠం అంతా అందులోనే ఉంది. మీలో చాలామంది హాస్టల్ రూముల్లో, అద్దె ఇళ్ళలో ఏదో ఒక రోజు ఈ పని పెట్టుకుంటారు. అప్పుడు ఇది తీసి చదువుకోండి.

మాది ఇల్లందు. పేరులోనే ఇల్లున్న ఊరు. పాతవాళ్ళు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. 1871లో విలియం కింగ్ అనే జియాలజిస్టు ఇక్కడ బొగ్గు ఉందని కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది, పక్కనున్న సింగరేణి అనే చిన్న ఊరి పేరే 1920లో కంపెనీ పేరైంది. ఇదంతా మీకు జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో లేనిది ఒకటుంది. ఈ ఊళ్ళో సొంత ఇల్లు అంటే చాలామందికి రిటైర్‌మెంటు దగ్గరపడ్డాక కట్టుకునే ఇల్లే. అప్పటిదాకా క్వార్టర్లో సున్నం గోడల మధ్య ఉంటారు. మా నాన్న కూడా అంతే. ఫిట్టర్‌గా పనిచేస్తూ, షిఫ్ట్ దిగి వచ్చి, దగ్గరుండి ఇటుక ఇటుకా చూసుకుని కట్టించాడు. ఆ ఇంటి గోడ మీద మనం ఏం అన్నా ఆయనకి తగులుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నేను ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పుడు ఆన్‌లైన్‌లో స్టిక్కర్ వాల్‌పేపర్ తెప్పించాను. వెనక కాగితం ఊడదీసి అంటించేసేది. ఇటుకల డిజైన్. ఒక్క ఆదివారంలో గోడంతా అంటించేశాను, ఫొటోలు తీసి స్టేటస్ పెట్టాను. శ్రావణం వచ్చేసరికి కింద రెండడుగులు బుడగలు లేచాయి. ఒక రాత్రి చప్పుడైంది. పిల్లి అనుకున్నాం. పొద్దున చూస్తే కాగితం సగం గోడ నుంచి వంగి నేల మీద పడుకుంది. దాని వెనక నల్లటి బూజు, తెల్లటి ఉప్పు, పెచ్చులుగా ఊడిన రంగు. నాన్న ఏమీ అనలేదు. కాగితం మొత్తం చుట్టి పెరట్లో పడేసి వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ సంవత్సరం అక్కకి సంబంధం కుదిరింది. జూన్‌లో నిశ్చితార్థం, అదీ ఇంట్లోనే. వచ్చినవాళ్ళు కూర్చునేది ఆ గోడ ఎదురుగానే. పెయింట్ వేయిద్దామని అమ్మ. "లేదు, నేను కాగితం వేస్తా, ఈసారి సరిగ్గా వేస్తా" అని నేను. నాన్న కాసేపు నన్నే చూసి, "వేస్తే వేయి బిడ్డా, కానీ గోడకి ముందు ఏం జబ్బో చూడు" అన్నాడు. సివిల్ చదివేది నేను, మాట చెప్పింది ఆయన.

జబ్బు అంటే చెమ్మ. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళినప్పుడు మొదటి పరీక్ష చేశాను. మీరు కూడా ఇదే చేయండి. మూరెడు చదరం పాలిథీన్ కవరు ముక్కని గోడకి పెట్టి, నాలుగు అంచులూ గాలి పోకుండా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. మర్నాడు తీస్తే కవరు లోపలివైపు నీటి చుక్కలుంటే తడి గోడ లోపలి నుంచి వస్తోంది. గదివైపు ముఖం మాత్రమే తడిస్తే గదిలో గాలిదే ఆ తడి. మాకు కింద కవరు లోపల నీళ్ళు, పైన నాలుగడుగుల దగ్గర పెట్టిన కవరు మాత్రం పొడి. అంటే నీళ్ళు కింద నుంచి ఎక్కుతున్నాయి.

ఫిజిక్సులో సన్న గొట్టంలో నీళ్ళు పైకి ఎక్కడం చదివాం కదా, పరీక్ష అయ్యాక మర్చిపోయాం. ఇటుకలో, సిమెంటు గచ్చులో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. రంధ్రం వ్యాసార్థం మిల్లీమీటరులో నూరో వంతు అనుకుని ఆ ఫార్ములాలో వేస్తే నీరు దాదాపు మీటరున్నర ఎక్కాలి. నిజం గోడలో మధ్యలోనే ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి అంత పోదు, సాధారణంగా మోకాలి నుంచి నడుము ఎత్తు మధ్య ఆగుతుంది. ఆవిరైనచోట నేలలోంచి తెచ్చిన ఉప్పుని వదిలేసి పోతుంది. దాన్నే మనవాళ్ళు గోడ చౌడెక్కింది అంటారు. ఉప్పు గడ్డకట్టేటప్పుడు ఉబ్బి గచ్చుని పిండి చేస్తుంది. ఆ పిండి మీద ఎంత ఖరీదైన కాగితం అంటించినా పిండికే అంటుకుంటుంది, గోడకి కాదు.

ఈ ఎక్కుడుని ఆపడానికే పునాది మీద డీపీసీ అని ఒక పొర వేస్తారు. మా ఇంటికి వేశారు. నాన్నని అడిగితే కోపమొచ్చింది కూడా, "నేను దగ్గరుండి వేయించా" అన్నాడు. మరి నీళ్ళెట్లా వచ్చాయి? బయటికి వెళ్ళి చూశాం. ఆ గోడ వెనకే అమ్మ పూలమొక్కలు. మందారాలు, రెండు మల్లె పొదలు, గోడవారగా ఇటుకలు పేర్చి మట్టి పోసిన మడి. ఏటేటా ఎరువు, మట్టి వేసీ వేసీ ఆ మడి డీపీసీ కంటే జానెడు ఎత్తు లేచింది. రోజూ సాయంత్రం అమ్మ పోసే నీళ్ళు పొరకి పైనుంచి, తిన్నగా ఇటుకలోకి వెళ్తున్నాయి. పొర ఉంది, దాన్ని దాటడానికి మెట్లు మేమే కట్టాం.

ఈ మాట అమ్మకి చెప్పడం ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం. పదేళ్ళ మల్లెపొద. "కాగితం కోసం మొక్కలు పీకుతావా" అంది. కాగితం కోసం కాదు, గోడ కోసం అని నాన్నే సర్దిచెప్పాడు. గోడ తప్పు తనది కాదని తేలినందుకు ఆయన ముఖం కొంచెం తేలికపడిందని నాకనిపించింది. మొక్కల్ని వేరుమట్టితో సహా ప్రహరీ పక్కకి మార్చాం. మట్టి మొత్తం తీసేసి నేలమట్టాన్ని డీపీసీ కంటే జానెడు కిందికి దించి, గోడ నుంచి బయటికి వాలు చేశాం. లోపలివైపు మూడడుగుల ఎత్తు దాకా ఉప్పు పట్టిన గచ్చు మేస్త్రితో కొట్టించి, ఇటుకల మీద ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపాం. తడిగుడ్డతో తుడవకూడదు, తుడిస్తే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. తర్వాత కొత్త గచ్చు, వారం తడపడం, ఆపైన ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మూడు నెలలు గోడని అలాగే వదిలేశాం. తడి గోడని ఫ్యాను పెట్టి వారంలో ఆరబెట్టొచ్చు అనుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. గోడ ఆరడానికి నెలలు పడుతుంది. మా ఖమ్మం ఎండ ఒక విషయంలో పనికొచ్చింది అనుకోండి.

ఇక్కడ చిన్న పక్కకథ. పంతొమ్మిదో శతాబ్దంలో యూరపులో ఆకుపచ్చ వాల్‌పేపర్ ఫ్యాషను. ఆ రంగులో ఆర్సెనిక్ ఉండేది. షీలే అనే రసాయన శాస్త్రవేత్త చేసిన రంగు కాబట్టి షీలే గ్రీన్ అనేవాళ్ళు. చెమ్మ గదుల్లో పడుకున్నవాళ్ళు జబ్బుపడుతుంటే, 1890లలో గోసియో అనే ఇటలీ డాక్టరు ఆ కాగితం మీద పెరిగే బూజే ఆర్సెనిక్‌ని విషవాయువుగా మార్చి వదులుతుందని చూపించాడు. ఇప్పుడు రంగుల్లో ఆ విషం లేదు. కానీ చెమ్మ, బంక, కాగితం మూడూ కలిస్తే బూజుకి విందుభోజనమే అన్నది మాత్రం మారలేదు. మా వైపు, అడవి దగ్గర ఊళ్ళలో, ఇంకో అతిథి కూడా ఉంది: చెద. కాగితం అంటే సెల్యులోజు, చెదకి అదే అన్నం. గోడమూలల్లో, దర్వాజా చట్రం పక్కన మట్టి గొట్టాల్లాంటివి కనపడితే కాగితం సంగతి పక్కనపెట్టి ముందు చెదమందు కొట్టించండి.

మే మొదటివారంలో మళ్ళీ కవరు పరీక్ష చేశాను. పొడి. ఇక ఒంటి మీద పని.

గోడ మీద పాత సున్నం గానీ డిస్టెంపర్ గానీ ఉంటే పూర్తిగా గీకేయాలి. ఉందో లేదో తెలియకపోతే అరచేత్తో రుద్దండి, తెల్లగా అంటితే గీకాల్సిందే. సెల్లోటేపు అంటించి గట్టిగా లాగండి, టేపుకి పొడి వస్తే కాగితానికీ అదే గతి. గీకాక గుంటలకి లప్పం, ఆరాక ఎమిరీ పేపర్‌తో నునుపు, దుమ్ము దులిపి ఒక కోటు ప్రైమర్. కొత్త సిమెంటు గచ్చులో క్షారం ఉంటుంది, అది బంకని తినేస్తుంది, రంగుని మారుస్తుంది. అందుకని క్షారాన్ని ఆపే ప్రైమరే అడిగి తీసుకున్నాం. ప్రైమర్ ఇంకో పని కూడా చేస్తుంది. గోడ బంకలోని నీటిని గబుక్కున పీల్చేయకుండా ఆపుతుంది, అప్పుడే పట్టీని జరిపి సర్దుకునే టైం దొరుకుతుంది. మధ్యాహ్నం వెలుతురులో గోడకి చెంప ఆనించినట్టు పక్కనుంచి చూడండి. ప్రతి గడ్డా నీడ వేస్తుంది. కాగితం గడ్డల్ని దాచదు, ఇంకా చూపిస్తుంది.

కాగితం కొనడం దగ్గర నేను చేసిన తప్పు లెక్కలది. సివిల్ స్టూడెంటుని అయ్యుండి.

గోడ వెడల్పు 12 అడుగులు, స్కర్టింగ్ టైలు పైనుంచి స్లాబు దాకా పదిన్నర. అంటే 366 సెంటీమీటర్లకి 320. మామూలు రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, 10.05 మీటర్ల పొడవు ఉంటుంది. వైశాల్యం దాదాపు 57 చదరపు అడుగులు. ఖమ్మంలో షాపాయన క్యాలిక్యులేటర్ తీసి 126ని 57తో భాగించి, రెండుంబావు వచ్చింది, మూడు తీసుకోండి అన్నాడు. నేను తలూపాను. కొమ్మలూ ఆకులూ ఉన్న లేత బంగారు రంగు డిజైను, మూడు రోల్స్, ఇంటికి తెచ్చాం.

కాగితాన్ని చదరపు అడుగుల్లో కొలవకూడదు, పట్టీల్లో కొలవాలి. 366ని 53తో భాగిస్తే 6.9, అంటే 7 పట్టీలు. ఒక్కో పట్టీ 320, పైనా కిందా కోతకి చెరో 5 కలిపితే 330. డిజైన్ లేని కాగితమైతే ఒక రోల్‌లో మూడు పట్టీలు వస్తాయి, మూడు రోల్స్‌కి తొమ్మిది, హాయిగా సరిపోతుంది. కానీ డిజైన్ ఉంటే పక్కపక్క పట్టీల్లో కొమ్మ కొమ్మకి కలవాలి. రోల్ మీది లేబుల్లో ఒక అంకె ఉంటుంది, డిజైన్ ఎంత దూరానికి మళ్ళీ మొదలవుతుందో చెప్పే అంకె. మాది 64. అంటే ప్రతి పట్టీ 64 గుణిజాల దగ్గరే మొదలవ్వాలి. మొదటి పట్టీ సున్నా నుంచి 330 దాకా. రెండోది 330 దగ్గర మొదలు పెట్టలేం, 384 దగ్గర మొదలై 714కి అవుతుంది. మూడోది 768 దగ్గర మొదలవ్వాలి, 1098 కావాలి, రోల్ 1005కే అయిపోయింది. రోల్‌కి రెండే పట్టీలు! మూడు రోల్స్‌కి ఆరు. నాకు కావల్సింది ఏడు.

ఈ లెక్క నేను షాపులో కాదు, ఇంటికొచ్చి మొదటి రోల్ విప్పేముందు చేశాను. అదొక్కటే అదృష్టం. షాపుకి ఫోన్ చేస్తే డిజైన్ ఉంది గానీ బ్యాచ్ నంబరు వేరు అన్నారు. బ్యాచ్ మారితే రంగు వెంట్రుకవాసి తేడా ఉంటుంది, రోల్‌లో తెలియదు, గోడ మీద పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. అందుకే కొనేటప్పుడే అన్ని రోల్స్ లేబుళ్ళ మీదా ఒకే నంబరు ఉందో లేదో చూసుకోవాలి. నిశ్చితార్థానికి పన్నెండు రోజులుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండోసారి కూడా కాగితం చుట్టి పెరట్లో పడేసే నాన్న కనపడుతున్నాడు.

పొద్దున్నే నోట్‌బుక్ తీసుకుని మిగిలే ముక్కల లెక్క రాశాను. ప్రతి రోల్‌లో చివర 714 నుంచి 1005 దాకా 291 సెంటీమీటర్లు మిగులుతుంది. డిజైన్ కలిసేలా 768 దగ్గర మొదలుపెడితే 237. పైన కోతకి 5 పోతే గోడ మీద పైనుంచి 232 దాకా వస్తుంది. ఇంకా కావల్సింది అడుగున 88. దాన్ని ఇంకో రోల్ ముక్కలోంచి తీయొచ్చు, కాకపోతే డిజైన్ సరిగ్గా ఆ అడ్డజాయింటు దగ్గర కలవాలి. 237లో మూడు 64లు తీసేస్తే 45. రెండో రోల్‌లో 704 తర్వాత 45, అంటే 749 దగ్గర కోస్తే ఆకు సరిగ్గా ఆకుకి కలుస్తుంది. 749 నుంచి 88, కింద కోతకి 5, మొత్తం 842. రోల్‌లో ఉంది! ఏడో పట్టీ వచ్చేసింది. స్కర్టింగ్ నుంచి 88 సెంటీమీటర్ల ఎత్తులో ఒక అడ్డజాయింటు ఉంటుంది, అంతే. దాని ముందు బీరువా పెడతాం. మా బీరువా ఆరున్నర అడుగులు, మూడడుగుల వెడల్పు.

అందుకే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదానికి జవాబు కూడా అప్పుడే దొరికింది. కనపడే మూల నుంచి మొదలుపెట్టి బీరువా మూలలో ముగించాలి. అందరి కళ్ళూ పడే చోట పూర్తి పట్టీలు, సర్దుబాట్లన్నీ బీరువా వెనక.

మూల నిటారుగా ఉంటుందని ఎప్పుడూ నమ్మొద్దు. మొదటి పట్టీని మూలకి ఆనించి అంటిస్తే మూల వంకర ఏడు పట్టీలకీ పాకుతుంది, చివరికి కొమ్మలన్నీ గాలికి ఒరిగినట్టు ఉంటాయి. మూల నుంచి 52 సెంటీమీటర్ల దగ్గర తూకం గుండు వేలాడదీసి, దారం ఊగడం ఆగాక దాని వెంట పెన్సిల్ గీత గీయాలి. ఫ్యాను ఆపండి, లేకపోతే గుండు ఎప్పటికీ ఆగదు. 53 వెడల్పు పట్టీ అంచు ఆ గీతకి పెడితే రెండో అంచు మూలలో ఒక సెంటీమీటరు ఎక్కువ వస్తుంది, మూల ఎంత వంకరగా ఉంటే అంత కోసేస్తాం. గుండు నాన్నదే. ఆయనే దారం పట్టుకున్నాడు. పైన మూలకీ దారానికీ 52, కింద కొలిస్తే 51కి లోపు. గోడ మూల దాదాపు సెంటీమీటరు వంకర. నేను ఆ అంకె చదవకుండా టేపు చుట్టేశాను. "చదువు" అన్నాడు. చదివాను. కాసేపాగి, "పదిన్నర అడుగులకి సెంటీమీటరంటే మేస్త్రి మంచోడే" అన్నాడు.

బంక విషయంలో మా వాడకట్టులో ఒక తాతని అడిగాను. ఒకప్పుడు సైకిలు మీద తిరుగుతూ సినిమా పోస్టర్లు అంటించేవాడు. ఆయన బంక మైదాతో. చల్లనీళ్ళలో మైదా జారుగా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, కలుపుతూ గాజులా మెరిసేదాకా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళదీ ఇదే పద్ధతి. మైలుతుత్తం విషం, ఇంట్లో చిన్నపిల్లలుంటే దాని జోలికి పోకండి. ఇంట్లో ఏళ్ళ తరబడి ఉండాల్సిన కాగితానికి తిండిపిండి బంక నాకు ధైర్యం చాలలేదు, వాల్‌పేపర్ కోసమే అమ్మే పొడి వాడాను. నీళ్ళలో పొడి చల్లుతూ కలపాలి, పొడిలో నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. కలిపాక పావుగంట ఊరనిచ్చి మళ్ళీ ఒకసారి కలపాలి.

తాత చెప్పిన అసలు మాట బంక గురించి కాదు. "కాగితానికి తాగే టైం ఇయ్యి మనవరాలా. తాగినాక పెట్టు. గోడ మీద తాగితే ముడత పడతది." ఇది అక్షరాలా సైన్సు. కాగితం నార తడిస్తే ఉబ్బుతుంది, పొడవులో కంటే వెడల్పులో ఎక్కువ. 53 సెంటీమీటర్ల పట్టీ తడిసి కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ పెరగడం బల్ల మీద అయిపోవాలి. బంక రాసి వెంటనే గోడకి పెడితే గోడ మీద పెరుగుతుంది, చోటు లేక ముడత పడుతుంది. అందుకని వెనకవైపు బంక రాసి, పైసగం కిందసగం లోపలికి మడిచి, బంక బంకకి తాకేలా, మడత మీద నొక్కి గీత పడనీయకుండా, లేబుల్ మీద రాసినన్ని నిమిషాలు పక్కన పెట్టాలి. అన్ని పట్టీలకీ అంతే సమయం, ఒకదానికి ఐదు ఒకదానికి పది కాదు. లేకపోతే ఒక్కోటి ఒక్కో వెడల్పు అవుతుంది, కొమ్మలు కలవవు. నాన్‌ఓవెన్ అని రాసి ఉన్న రకమైతే ఉబ్బదు, బంక గోడకే రాసి పొడి కాగితం పెట్టేయొచ్చు. మొదటిసారి చేసేవాళ్ళు అదే కొనుక్కోండి అని నా సలహా. మాది మామూలు కాగితం మీద వినైల్ పూత. తెలియక కొన్నాను.

మేలో మా దగ్గర పదింటికల్లా ఇల్లు పొయ్యి. బంక అంచులు ఆరిపోయి జాయింట్లు లేస్తాయి. అందుకని తెల్లవారి ఐదింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి ఆపేశాం. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి. చెమట కారుతూనే ఉంటుంది, కాగితం మీద పడకుండా తలకి తువ్వాలు కట్టుకోండి. రెండు రోజులు పట్టింది. మొదటిరోజు మూడు, రెండోరోజు నాలుగు.

పట్టీని పైనుంచి మొదలుపెట్టాలి. పైన 5 సెంటీమీటర్లు స్లాబు మీదికి వదిలి, అంచుని పెన్సిల్ గీతకి సరిచూసి, మధ్య నుంచి పక్కలకి, పై నుంచి కిందికి ప్లాస్టిక్ తాపీతోనో మెత్తటి బ్రష్‌తోనో గాలి తోసేయాలి. వంకర వస్తే లాగకండి. తడికాగితం లాగితే సాగుతుంది, ఆరాక వెనక్కి ముడుచుకుని జాయింటు తెరుచుకుంటుంది. పైనుంచి ఊడదీసి మళ్ళీ పెట్టండి. పక్క పట్టీ అంచుకి అంచు ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. అంచులు కలిశాక చిన్న రోలర్‌తో మెల్లగా. ఉబ్బెత్తు డిజైన్ అయితే రోలర్ వద్దు, డిజైన్ అణిగిపోతుంది, మెత్తటి గుడ్డ చాలు. బయటికొచ్చిన బంకని అప్పటికప్పుడే తడి స్పాంజితో తుడవాలి. ఆరితే మెరిసే మరక అవుతుంది, ట్యూబులైటు వేసినప్పుడల్లా వెక్కిరిస్తుంది.

పైన కిందా కోతకి బ్లేడు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. తడికాగితం మొండి బ్లేడుకి తెగదు, చిరుగుతుంది. ప్రతి పట్టీకీ బ్లేడు ముక్క విరిచి కొత్త అంచు తీసుకున్నాను. మూడో పట్టీకి మాత్రం "ఇంకొక్కసారికి వస్తుందిలే" అనుకున్నాను. పైన రెండంగుళాలు చిరిగింది. స్లాబు దగ్గర కాబట్టి అతికించేశాను, నేను చూపిస్తే తప్ప ఎవరికీ కనపడదు. ఇప్పుడు మీకు చూపించేశాను.

స్విచ్‌బోర్డు దగ్గర మెయిన్ ఆపేయండి. చేతులు తడి, బంక తడి, ఇది నవ్వులాట కాదు. బోర్డు పలక మరలు వదులు చేసి, దాని మీదుగా కాగితం దించి, మధ్యలో నుంచి మూలలకి కోసి, రేకులు పలక వెనక్కి తోసి మళ్ళీ బిగిస్తే చుట్టూ ఒక్క కోత కూడా కనపడదు. బంక పూర్తిగా ఆరేదాకా కరెంటు ఇవ్వొద్దు.

బుడగలు వస్తాయి. భయపడకండి. చిన్నవి చాలావరకు బంక ఆరేకొద్దీ వాటంతటవే లాక్కుపోతాయి. మూడు రోజులకి కూడా పోనివాటికి మెడికల్ షాపులో దొరికే సిరంజిలో పల్చటి బంక ఎక్కించి, బుడగలోకి సూది గుచ్చి వదిలి, గుడ్డతో నొక్కితే సరి.

ఏడో పట్టీ అందరం కలిసి పెట్టాం. మిగిలింది 49 సెంటీమీటర్ల వెడల్పు. పైముక్క పెట్టి, కిందిముక్కని 749 దగ్గర కాకుండా 744 దగ్గర కోసి 5 సెంటీమీటర్లు పైముక్క మీదికి ఎక్కించాం. ఆకులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాక, ఇనుప స్కేలు పెట్టి రెండు పొరలూ కలిపి ఒకే కోత. పైన తెగిన పీలిక తీసేసి, అంచు మెల్లగా ఎత్తి లోపల తెగిన పీలిక లాగేస్తే రెండు ముక్కలూ వెంట్రుక సందు లేకుండా కలుస్తాయి. స్కేలు పట్టుకుంది అక్క, కోసింది నేను. అమ్మ దూరం నుంచి "ఎక్కడ అతుకు?" అంది. బీరువా పెట్టకపోయినా నడిచేదే, కానీ పెట్టాం. గోడకి రెండంగుళాలు ఎడం వదిలి, వెనక గాలి ఆడాలి కాబట్టి.

నిశ్చితార్థం రోజు ఎవరూ కాగితం గురించి మాట్లాడలేదు. అబ్బాయి వాళ్ళ మేనత్త మాత్రం ఒకసారి గోరుతో ఆకుని గీకి చూసింది. లోపల నా ప్రాణం పోయింది. ఊడలేదు.

జూలైలో కాలేజీకి వచ్చేశాక ఇల్లందులో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఫోన్ చేసి, గోడ కింద అరచేయి పెట్టి చూడమని అమ్మని అడిగాను. పొడిగానే ఉందంది. స్విచ్‌బోర్డు పక్కన జాయింటు మాత్రం రెండు సెంటీమీటర్లు లేచిందట. నేను దసరాకి వచ్చి చూస్తా, ముట్టుకోవద్దు అన్నాను. నాన్న అప్పటికే సిరంజి తెచ్చి, మిగిలిన పొడి కలిపి, ఎక్కించేశాడట. మల్లెపొద ఒకటి బతికింది, ఒకటి పోయింది.